కార్డు వచ్చేదాకా ఓర్చుకోమనేవాళ్లకి

అమెరికాలో సిటిజన్‌ని పెళ్లి చేసుకుని వచ్చిన మన అమ్మాయికి కాపురంలో తేడా వచ్చిందని తెలిస్తే చాలు, తెనాలి నుంచి టెక్సాస్ దాకా అందరి నోటా ఒకటే మాట: “తొందరపడకమ్మా, కార్డు వచ్చేదాకా ఓర్చుకో.” కార్డు అంటే గ్రీన్ కార్డు, అమెరికాలో స్థిరంగా ఉండి పనిచేసుకునే అనుమతి. నాకూ అదే చెప్పారు. అమ్మ చెప్పింది, పెద్దమామయ్య చెప్పాడు, ఇక్కడ వీకెండ్ పార్టీల్లో పరిచయమైన అక్కలు చెప్పారు, ఆఖరికి అత్తగారి వైపు బంధువుల్లో నా మీద కాస్త జాలి ఉన్న ఒకావిడ కూడా గొంతు తగ్గించి అదే చెప్పింది. వీళ్లలో ఎవరూ చెడు కోరి చెప్పలేదు. కానీ ఈ సలహా చట్టం దగ్గర తప్పు, ఇంట్లో ప్రమాదం. దేన్ని ఓర్చుకోవాలో, ఎంతవరకు ఓర్చుకోవాలో అందులో ఎక్కడా లేదు. విడాకులై, ఫైలు తేలి, కార్డు చేతికొచ్చి ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను కాబట్టి ఇది పొడుగవుతుంది, ముందే చెప్తున్నా.

నా వాదన ఒక్కటే. ఒక దేశంలో ఉండే హక్కు ఆ దేశంలో మనం బతికిన ఏళ్లని బట్టి రావాలి, పక్కనున్న మనిషి సంతకాన్ని బట్టి కాదు. ఇది వినడానికి మామూలు మాటలాగే ఉంటుంది, అమెరికా చట్టం మాత్రం దీన్ని సగమే ఒప్పుకుంటుంది. ఆ సగం కూడా మనవాళ్లలో చాలామందికి తెలియదు.

అసలు పద్ధతి ఏంటంటే, కార్డు మంజూరయ్యే రోజుకి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే ఇచ్చేది రెండేళ్ల కార్డు. కండిషనల్ గ్రీన్ కార్డు అంటారు. రెండేళ్లు దాటితే నేరుగా పదేళ్లది. రెండేళ్ల కార్డుతో కూడా ఉద్యోగం చేసుకోవచ్చు, ఇండియా వెళ్లి రావచ్చు, పదేళ్ల కార్డు వాళ్లకున్న హక్కులన్నీ ఉంటాయి. కాకపోతే ఆ రెండేళ్లు ముగిసే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 అనే ఫారం నింపి, ఇద్దరూ సంతకం చేసి, మాది నిజమైన పెళ్లేనని కాగితాలు జతచేసి పంపాలి. అప్పుడు షరతు తీసేసి పదేళ్ల కార్డు ఇస్తారు.

ఆ రెండో సంతకం దగ్గరే వస్తుంది చిక్కంతా. మా ఇంట్లో గొడవ దేని మీద మొదలైనా, కూరలో ఉప్పు మీదైనా, మా నాన్నకి డబ్బు పంపడం మీదైనా, ఆఖరికి ఆ సంతకం దగ్గరికే వచ్చి ఆగేది. “నేను సంతకం పెట్టను, ఏం చేస్తావో చూస్తా.” అరిచి కూడా కాదు, ఫోన్ చూసుకుంటూ మామూలుగా అనేవాడు నా భర్త. అతనికి కోపం తగ్గాక కూడా ఆ మాట ఇంట్లోనే ఉండిపోయేది. కేకలేస్తే పక్కింటివాళ్లకైనా వినిపిస్తుంది, ఇలాంటిది ఎవరికీ వినిపించదు.

సంతకం లేకుండా కూడా ఐ-751 వేసుకోవచ్చని నాకు చెప్పింది ఒక లాయరమ్మ, మొదటి అరగంటలోనే చెప్పేసింది. వేవర్, అంటే మినహాయింపు, అంటారు. విడాకులైతే ఒక దారి, హింస జరిగి ఉంటే ఇంకో దారి, వెనక్కి పంపితే తీవ్రమైన కష్టం కలుగుతుందని చూపిస్తే మరో దారి. దీనికి ఆ 90 రోజుల గడువు కోసం ఆగక్కర్లేదు, రెండేళ్లలో ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఇద్దరూ కలిసి వేశాక మధ్యలో విడిపోయినా, డిక్రీ చూపించి వేవర్‌గా మార్చమని అడగొచ్చు. విడాకులు ఇంకా కోర్టులో నడుస్తుంటే డిక్రీ పంపమని ఉత్తరం వస్తుంది, గడువిస్తారు. ఫారం వేసిన రసీదే పాత కార్డుని పొడిగిస్తుంది. 2023 జనవరి నుంచి ఆ పొడిగింపు 48 నెలలు, అంటే ఫైలు తేలేదాకా ఉద్యోగానికి ఢోకా ఉండదు. ఒకవేళ కాదన్నారే అనుకోండి, అప్పుడు కూడా పోలీసులొచ్చి తలుపు కొట్టి ఎయిర్‌పోర్టుకి తీసుకుపోరు. ఇమిగ్రేషన్ జడ్జి ముందు కేసు వేస్తారు, ఆయన మొత్తం మళ్లీ మొదటినుంచి చూడొచ్చు. ఇంత ఉంది. దీన్నంతా మనవాళ్లు “విడాకులిస్తే డిపోర్ట్ చేస్తారు” అనే మూడు ముక్కల్లో తేల్చేస్తారు.

అయితే ఒక జాగ్రత్త. ఇదంతా కార్డు వచ్చాక మాట. కార్డు రాకముందు, భర్తో భార్యో మనకోసం వేసే ఐ-130 పిటిషన్ దశలో, స్పాన్సర్ చేసిన మనిషి వెనక్కి తీసుకుంటానంటే అప్లికేషన్ అక్కడితో పోతుంది. హింసకి గురైనవాళ్లకి మాత్రం 1994లో ఆడవాళ్ల మీద హింసని అరికట్టడానికి వచ్చిన వావా చట్టం కింద సొంతంగా పిటిషన్ వేసుకునే దారి ఉంది, సిటిజన్ల భార్యలకీ భర్తలకీ, గ్రీన్ కార్డున్నవాళ్ల భార్యలకీ భర్తలకీ కూడా. విడాకులకి హింసే కారణమైతే డిక్రీ వచ్చిన రెండేళ్ల లోపు కూడా వేయొచ్చు. ఓర్చుకోమనే సలహాలో ఈ గడువు సంగతి ఎవరూ చెప్పరు!

లాయరమ్మ నన్నడిగిన మొదటి ప్రశ్న విచిత్రంగా అనిపించింది. పెళ్లి ఎందుకు చెడింది, తప్పెవరిది, ఇవేవీ అడగలేదు. “పెళ్లి చేసుకున్న రోజున కాపురం చేయాలనే ఉద్దేశంతోనే చేసుకున్నారా?” అంది. 1975 నుంచి ఇక్కడి కోర్టులు పట్టుకున్న కొలబద్ద అదేనట. పెళ్లి నాటికి ఇద్దరూ కలిసి బతకాలనుకున్నారా లేదా అన్నదే లెక్క, తర్వాత విడిపోయినంత మాత్రాన ఆ పెళ్లి దొంగది అయిపోదు. నాకు నవ్వొచ్చింది. మన పెళ్లిళ్లలో ఇంతకన్నా సులువుగా రుజువు చేయగలిగింది ఏముంటుంది? నిశ్చితార్థం, స్నాతకం, జీలకర్ర బెల్లం, ఆరొందల మంది భోజనాలు, డ్రోన్ కెమెరా, మూడు ఆల్బమ్‌లు. గ్రీన్ కార్డు కోసం ఉత్తుత్తి పెళ్లి చేసుకునేవాళ్లు మేనత్తకి పట్టుచీర పెడతారా?

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆల్బమ్‌లు పెళ్లికి సాక్ష్యమే గానీ కాపురానికి కాదట. ఆఫీసరుకి కావలసింది ఇద్దరి పేర్లతో బ్యాంకు ఖాతా, ఇద్దరి పేర్లతో ఇంటి అద్దె అగ్రిమెంటు లేదా లోను, కారు ఇన్సూరెన్సు, కరెంటు బిల్లు, ఒకరి పేరు మీద ఇంకొకరు నామినీ. మా ఇంట్లో అవేవీ లేవు. ఉన్నది మామగారి ఇల్లు, అద్దె అగ్రిమెంటే లేదు. బ్యాంకు ఖాతా అతనిది. నా జీతం పడే ఖాతా నాదే అయినా అందులో అతని పేరు లేదు, ఎందుకంటే కలిపి తెరుద్దామని నేను అన్నప్పుడల్లా ఇప్పుడేం తొందరన్నాడు. కరెంటు బిల్లు మామగారిది. నీళ్ల బిల్లు కూడా. ఒక ఇంట్లో మూడేళ్లకి దగ్గరగా వండి, తుడిచి, జ్వరాలు పడి, పండగలు చేసి, ఆ ఇంట్లో ఉన్నట్టు నా పేరుతో ఒక్క కాగితం లేదు.

ఇందులో ఉన్న అన్యాయం గమనించారా? భర్త అన్నీ పంచుకునే మంచివాడైతే కాగితాలు వాటంతటవే ఉంటాయి, అలాంటి ఇంట్లో వేవర్ అవసరమే రాకపోవచ్చు. డబ్బూ కాగితాలూ తన గుప్పిట్లో పెట్టుకునే మనిషి దగ్గరైతే ఆడపిల్ల చేతిలో ఏమీ మిగలదు, వేవర్ కావలసింది ఆమెకే. చట్టం ఎవరిని కాపాడాలనుకుందో సరిగ్గా వాళ్ల దగ్గరే లేని దాన్ని అడుగుతుంది. హింస జరిగిన కేసుల్లో కాస్త సడలింపుగా చూస్తారు, నమ్మదగిన సాక్ష్యం ఏదైనా సరే తీసుకుంటారు. కానీ చెయ్యి చేసుకోకుండా గొంతు పిసికే మగవాళ్ల సంగతి ఏం చెప్పి రుజువు చేస్తాం?

నా ఫైల్లో మొదటి గట్టి కాగితం ఏదో చెప్తే నవ్వుతారు. కాస్ట్‌కో అనే హోల్‌సేల్ స్టోరు కార్డు. మెంబర్‌షిప్ తీసుకున్న వాళ్లకి అదే ఇంట్లో ఇంకొకరి కోసం రెండో కార్డు ఊరికే ఇస్తారు. కౌంటర్ దగ్గర నిలబెట్టి తీసిన నలుపు తెలుపు ఫొటో, జెట్ లాగ్ వదలని ముఖం, జడ ఒక పక్కకి జారి ఉంటుంది. ఈ దేశంలో మా ఇద్దర్నీ ఒకే ఇంటివాళ్లుగా ఒప్పుకున్న మొదటి వ్యవస్థ అది, నూనె డబ్బాల కోసం. దాని తర్వాత డ్రైవింగ్ లైసెన్సు మీది అడ్రసు. అతని ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్సులో నా పేరు, పంటి డాక్టరు బిల్లులు. ఇంకోటి, ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి, ట్యాక్సులు. అతను లాభం చూసుకుని ఇద్దరి పేరా కలిపి ఫైల్ చేశాడు, నేను ఎక్కడ నొక్కమంటే అక్కడ నొక్కాను. కలిపి ఫైల్ చేసిన రిటర్న్ తాలూకు ట్రాన్స్‌క్రిప్ట్ ట్యాక్సు శాఖ ఐఆర్ఎస్ దగ్గర ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు, ఊరికే ఇస్తారు, భర్తని అడగక్కర్లేదు. నా ఫైలు నిలబడిందంటే సగం దానివల్లే. మిగతా సగం పక్కింటి మెక్సికన్ ఆంటీ ఇచ్చిన అఫిడవిట్. రోజూ చెత్తబుట్ట బయటపెట్టేది ఈ అమ్మాయే అని రాసింది. సత్యనారాయణ వ్రతం ఫొటోలు కూడా పెట్టాం, పీటల మీద ఇద్దరం కూర్చుని. వాటిని చూసి ఆఫీసరు ఏమనుకున్నాడో.

ఇంటర్వ్యూకి పిలిచారు, అందర్నీ పిలవరు, నన్ను పిలిచారు. “మీలో ఎవరు ప్రపోజ్ చేశారు?” అని అడిగాడు. మా పెద్దమ్మ ఆడపడుచు అని చెప్పాను. పక్కనున్న లాయరమ్మ దగ్గింది. తర్వాత పెళ్లిచూపులు, జాతకాలు, బయోడేటా, అన్నీ వివరించాల్సి వచ్చింది. పెళ్లికి ముందు ఎన్నిసార్లు కలిశారంటే చెప్పిన జవాబు విని రాసుకోకుండా ఒక క్షణం ఆగాడు. ఆయన్ని తప్పుపట్టను, మర్యాదగానే మాట్లాడాడు. అయితే ఒకరి కాపురం నిజమో కాదో తేల్చడానికి ఇంకొకరి దేశంలో పెళ్లిళ్లు ఎలా అవుతాయో అదే కొలతగా పెట్టుకుంటే ఇలాగే ఉంటుంది.

ఈ రెండేళ్ల షరతు మొదట్నుంచీ ఉన్నదేమీ కాదు. 1986లో రీగన్ హయాంలో దొంగ పెళ్లిళ్ల మీద చట్టం తెచ్చినప్పుడు వచ్చింది. ఇలాంటి పెళ్లిళ్లలో 30 శాతం దాకా మోసాలే అని అప్పటి ఇమిగ్రేషన్ అధికారులు సెనేట్ ఉపసంఘానికి చెప్పారు. ఆ లెక్కలో ఉన్నవి రుజువైన మోసాలు కాదు, అనుమానాలు. ఆ సర్వే గణాంక శాస్త్రం ప్రకారం నిలవదని తర్వాత కోర్టు కేసులో తేలింది. లెక్క పోయింది, చట్టం ఉండిపోయింది. మొదట్లో ఇంకా ఘోరంగా ఉండేది: విడాకులు తనంతట తానే, తగిన కారణం చూపించి తీసుకున్న వాళ్లకే వేవర్. భర్త విడాకులిచ్చేస్తే ఇవతలి మనిషికి ఆ దారి లేనట్టే. ఆ ముక్క 1990లో తీసేశారు, హింసకి గురైనవాళ్ల వేవర్ కూడా అప్పుడే చేర్చారు. అంటే చట్టం మార్చొచ్చు, మార్చారు కూడా. ఇంకో అడుగు వేయడానికి అడ్డం ఏంటి?

మోసాలు లేవా అంటే ఉన్నాయి, మనవాళ్లలోనూ ఉన్నాయి, డబ్బిచ్చి చేసుకున్న పెళ్లిళ్ల గురించి విననివాళ్లు ఈ ఊళ్లో ఎవరూ లేరు. దానికి శిక్షలు విడిగానే ఉన్నాయి. దొంగ పెళ్లికి ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. ఒకసారి దొంగ పెళ్లి అని తేలితే ఇక జన్మలో ఎవరు స్పాన్సర్ చేసినా పిటిషన్ ఒప్పుకోరు. ఇన్ని ఉండగా ఆ రెండో సంతకం ఎవరిని పట్టుకోవడానికి? డబ్బు తీసుకుని దొంగ పెళ్లి చేసుకున్నవాడు బేరం ప్రకారం హాయిగా సంతకం పెడతాడు. పెట్టనని బెదిరించేది నిజం కాపురంలో ఉన్నవాడే. నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఫారం ఎవరికి వాళ్లే వేసుకునేటట్టు చేయండి, కలిసి ఉంటే భర్త కూడా ఒక సాక్షిగా ఉత్తరం రాస్తాడు, లేకపోతే లేదు. పరీక్ష ఎలాగూ అదే పరీక్ష.

వేరే దేశాలు ఏం చేస్తున్నాయో చూద్దాం. జర్మనీలో పెళ్లి ద్వారా వచ్చిన మనిషికి అక్కడ మూడేళ్లు కలిసి కాపురం చేశాక విడిపోతే, సొంతంగా ఉండే హక్కు వస్తుంది. ముందు ఒక ఏడాది, తర్వాత తన కాళ్ల మీద తాను నిలబడితే పొడిగింపు. ఆ మూడేళ్లు 2011కి ముందు రెండేళ్లే, పెంచారు, అది నాకు నచ్చదు. కానీ హింస లాంటి ప్రత్యేక కష్టం ఉంటే ఆ గడువు కూడా చూడరు. అన్నిటికన్నా నాకు నచ్చింది, ఇది జర్మన్ని చేసుకున్నవాళ్లకి మాత్రమే కాదు. అక్కడ పర్మిట్ మీద పనిచేస్తున్న హైదరాబాద్ ఇంజినీరు భార్యకి కూడా అదే మూడేళ్ల లెక్క. మనిషి ఎన్నాళ్లు బతికిందో చూస్తారు, భర్త పాస్‌పోర్టు రంగు చూడరు.

ఏళ్ల లెక్క ఉన్నంత మాత్రాన అన్నీ బావుంటాయని కాదు. యూరోపియన్ యూనియన్ పౌరుల్ని చేసుకున్నవాళ్లకి 2004 నాటి నిబంధన ఒకటుంది: పెళ్లయి మూడేళ్లు, అందులో ఒక ఏడాది ఆ దేశంలో ఉంటే, విడాకుల తర్వాత కూడా ఉండొచ్చు. ఐర్లాండ్‌లో ఒక భారతీయుడు, ఇంకో ఇద్దరు విదేశీయులు ఆ ధైర్యంతోనే కోర్టుకెక్కారు. ముగ్గురి భార్యలూ విడాకుల కేసు వేయకముందే ఐర్లాండ్ వదిలి వెళ్లిపోయారు. 2015లో యూరప్ కోర్టు ఏమందంటే, భార్య దేశం దాటిన రోజునే మీ హక్కు పోయింది, తర్వాత విడాకులైతే మాకేంటి, అని. అంటే భార్య విమానం ఎక్కేలోపు కేసు వేసి ఉండాలన్నమాట. మళ్లీ తాళం అవతలి మనిషి చేతికే పోయింది. ఇందులో మగవాళ్లే నష్టపోయారు చూడండి. ఇక్కడ కూడా సిటిజన్ అమ్మాయిని చేసుకుని వచ్చి నోరు మెదపలేక బతుకుతున్న అబ్బాయిలు నాకు తెలుసు, వాళ్లు చెప్పుకుంటే నవ్వుతారు తప్ప నమ్మరు.

ఇక నాకు నిజంగా కోపం వచ్చే సంగతి హెచ్-4, అంటే హెచ్-1బి ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా. సిటిజన్‌ని చేసుకున్న నేను రెండేళ్లలో ఒక హక్కు సంపాదించుకున్నాను, తడబడుతూనో ఏడుస్తూనో దాన్ని నిలబెట్టుకున్నాను. హెచ్-1బి మీద ఉన్న తెలుగువాణ్ని చేసుకుని వచ్చిన అమ్మాయి పదేళ్లున్నా, పదిహేనేళ్లున్నా ఆమెకి సొంతంగా ఏ హక్కూ పుట్టదు. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి వల్ల భారతీయుల గ్రీన్ కార్డు క్యూ దశాబ్దం దాటింది. ఆ క్యూలో భర్తతో పాటు ఆమె కూడా నిలబడింది, 2015లో హెచ్-4 వాళ్లకి వర్క్ పర్మిట్ వచ్చాక చాలామంది పనిచేసి ట్యాక్సులూ కట్టారు. విడాకుల డిక్రీ మీద జడ్జి సంతకం పడిన రోజున క్యూలో ఆమె చోటు పోతుంది, హెచ్-4 పోతుంది, దానిమీద ఉన్న వర్క్ పర్మిట్టూ పోతుంది. ఉద్యోగం పోయిన హెచ్-1బి మనిషికి 60 రోజుల వెసులుబాటు 2017 నుంచి రూల్స్‌లో రాసి పెట్టారు. విడాకులైన హెచ్-4 మనిషికి అలాంటిది ఒక్క రోజు కూడా రాసి లేదు.

ఫ్రిస్కోలో నాకు తెలిసిన ఒక అక్క ఉంది. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఇక్కడే పుట్టారు, సిటిజన్లు. డిక్రీ రాకముందే హడావిడిగా ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారింది, నలభై దాటాక మళ్లీ మాస్టర్స్ మొదలుపెట్టింది. చదువు మీద ప్రేమతో కాదు, పిల్లలున్న ఊళ్లో ఉండటానికి. టెక్సాస్ కోర్టులు కస్టడీ ఆర్డరులో సాధారణంగా ఒక మాట రాస్తాయి: పిల్లల నివాసం ఫలానా కౌంటీ (మన జిల్లా లాంటిది), దాని చుట్టుపక్కల కౌంటీలు దాటకూడదు. తండ్రికి పిల్లలు దూరం కాకూడదని అలా పెడతారు, మంచి ఉద్దేశమే. కానీ ఆమె సంగతి ఆలోచించండి. ఒక కోర్టు పిల్లలు కాలిన్ కౌంటీ దాటకూడదంటుంది, ఇంకో ఆఫీసు తల్లి దేశంలోనే ఉండకూడదంటుంది. రెండు కాగితాలూ ఒకే ఫోల్డర్లో పెట్టుకుని తిరుగుతుంది ఆవిడ. నేను చూశాను, ఫోల్డరు మీద చిన్నపిల్లాడు అంటించిన డైనోసార్ స్టిక్కరు ఉంటుంది. సెమిస్టరు ఫీజు కోసం పుస్తెలతాడుతో సహా బంగారం అమ్మింది, ఆ ముక్క మటుకు నవ్వుతూ చెప్పింది.

ఆమె భర్త హెచ్-1బి కాబట్టి వావా పిటిషన్ కూడా వర్తించదు. హింసకి గురైన హెచ్-4 భార్యలకి వర్క్ పర్మిట్ ఇవ్వాలని కాంగ్రెస్ 2005 నాటి చట్టంలోనే రాసింది, దానికి ఫారం 2017లో గానీ రాలేదు. పని చేసుకోవచ్చు సరే, ఉండటం ఎలా అనేదానికి అందులో జవాబు లేదు. నేరానికి గురైనవాళ్లకి యూ వీసా ఉంది గానీ ఏడాదికి 10,000 మాత్రమే, ఆ క్యూ వేరే కథ. భర్త కోసం కంపెనీ వేసిన గ్రీన్ కార్డు పిటిషన్, ఐ-140, అప్రూవ్ అయ్యి, భార్య ఇక్కడ మూడేళ్లో ఐదేళ్లో చట్టబద్ధంగా ఉంటే, విడాకులైనా ఆ క్యూలో ఆమె చోటు ఆమెకి ఉంచాలి. కొత్తగా ఒక్క వీసా కూడా ఇవ్వక్కర్లేదు, ఎలాగూ ఆమె కోసం లెక్కేసి పెట్టిన నంబరే అది.

“వాళ్ల దేశం వాళ్లిష్టం, మనం అడగడానికెవరం” అనేవాళ్లకి ఒక సంగతి. పెళ్లి మీద గ్రీన్ కార్డుకి స్పాన్సర్ చేసినవాళ్లు ఐ-864 అనే అఫిడవిట్ మీద సంతకం చేస్తారు. వచ్చిన మనిషి ఆదాయం పేదరిక రేఖలో 125 శాతానికి తగ్గకుండా చూస్తామని ప్రభుత్వానికి రాసిచ్చే ఒప్పందం అది. 2025 లెక్కలో ఒంటరి మనిషికి ఏడాదికి సుమారు 19,500 డాలర్లు. విడాకులైనా అది రద్దు కాదు. ఆ మనిషి సిటిజన్ అయినప్పుడో, 40 క్వార్టర్ల పని, అంటే దాదాపు పదేళ్లు, లెక్కకి వచ్చినప్పుడో, దేశం వదిలి వెళ్లిపోయినప్పుడో, చనిపోయినప్పుడో తప్ప తీరదు. మాజీ భార్య ఉద్యోగం వెతుక్కోలేదు కాబట్టి నేనివ్వను అంటే కుదరదని 2012లో ఒక ఫెడరల్ అప్పీల్ కోర్టు కూడా తేల్చింది. మరి డబ్బు బాధ్యత దగ్గర పెళ్లి ముగిసినా బంధం ముగియదని ఇంత గట్టిగా పట్టుకున్న చట్టానికి, ఉండే హక్కు దగ్గర ఆ పట్టుదల ఎందుకు లేదు? ప్రభుత్వానికి ఖర్చు తగిలే చోట ఒక న్యాయం, మనిషికి అవసరమైన చోట ఇంకో న్యాయం. మనవాళ్లలో ఈ అఫిడవిట్ సంగతి తెలిసినవాళ్లు బహు తక్కువ. తెలిసిన భర్తలు చెప్పరు.

మళ్లీ ఓర్చుకోమనేవాళ్ల దగ్గరికి వస్తాను. మా అమ్మ నిజంగా భయపడింది కార్డు గురించి కాదని నాకు తర్వాత అర్థమైంది. “తిరిగొస్తే ఏం చెప్పుకుంటాం” అన్నది అసలు భయం, దానికి కార్డు ఒక మర్యాదైన సాకు. కార్డు వస్తే కనీసం ‘అమెరికాలో ఉద్యోగం చేసుకుంటోంది’ అని చెప్పుకోవచ్చు. నేనామెతో వాదించలేదు. డిక్రీ వచ్చాక ఫోన్ చేస్తే “తిన్నావా” అని మాత్రం అడిగింది, అది చాలు నాకు.

ఇప్పుడీ ఇబ్బందిలో ఉన్నవాళ్లకి నాలుగు ముక్కలు. సెలవలకని ఇండియా తీసుకొచ్చి, పాస్‌పోర్టూ కార్డూ పట్టుకుని భర్త ఒక్కడే విమానం ఎక్కేసిన కేసులు మన జిల్లాల్లో కొత్త కాదు. కార్డు పోయినంత మాత్రాన హక్కు పోదు. అమెరికా వదిలి ఏడాది దాటకపోతే ఐ-131ఏ అనే ఫారంతో ఎంబసీ ద్వారా విమానం ఎక్కడానికి పత్రం తెచ్చుకోవచ్చు. ఏడాది దాటితే కష్టమవుతుంది, అందుకే పెద్దమనుషుల పంచాయితీల పేరుతో నెలలు గడిపేయకండి. అమెరికా కోర్టులో మీకు తెలియకుండా విడాకులు తెచ్చుకుంటే అది ఇండియాలో చెల్లుతుందని కూడా అనుకోకండి. తిరుపతిలో పెళ్లి చేసుకుని మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకున్న ఒక తెలుగు భర్త కేసులోనే, భార్య ఒప్పుకోకుండా, హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద ఇచ్చిన డిక్రీ ఇండియాలో చెల్లదని మన సుప్రీంకోర్టు 1991లో చెప్పేసింది. రెండు దేశాల్లోనూ కాగితం సరిగ్గా ఉండాలి, లేకపోతే రేపు మళ్లీ పెళ్లి చేసుకోవాలన్నప్పుడు బయటపడుతుంది. పౌరసత్వం దగ్గర కూడా లెక్క మారుతుంది. సిటిజన్ భర్తతో కలిసి ఉంటే మూడేళ్లకి అప్లై చేయొచ్చు, విడిపోతే అందరిలాగే ఐదేళ్లు ఆగాలి. అంతకుమించి ఏమీ పోదు. కార్డు మీద ఏ-నంబర్ అని ఒకటి ఉంటుంది, ఈ రాత్రే ఫొటో తీసి అమ్మకో అక్కకో పంపండి. కార్డు ఎవరు దాచేసినా ఆ నంబరుతో మీ ఫైలు దొరుకుతుంది.